సాంచాల చప్పుడులో నేర్చుకున్న మాటలు

మొన్న మన గ్రూపులో ఎవరో చీర ఫోటో పెడితే, కింద నేను "మెటిక్యులస్ పనితనం" అని రాశాను. దాని మీద ఎన్ని నవ్వులో! "సోమలింగం కాక ఏ కాలేజీల చదివిండో" అని ఒకరు, "ఫోనే రాసిచ్చింది" అని ఇంకొకరు. ఫోన్ రాయలేదు బాబూ. నేను చదివింది ఏడో తరగతి, అదీ సగమే. అతి శ్రద్ధగా, చిన్న తప్పు కూడా రాకుండా చేసిన పనిని మెటిక్యులస్ అంటారని నాకు ఎలా తెలిసిందో చెప్పాలంటే మార్కండేయ అన్న గురించి చెప్పాలి. కొంచెం పొడుగవుతుంది. చాయ్ పెట్టుకుని కూర్చోండి.

నేను సూరత్ వచ్చేటప్పటికి నాకు ఇరవై ఏళ్లు. భేస్తాన్‌లో ఒక కార్ఖానాలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాణ్ని. నా పక్క సాంచాలు మార్కండేయ అన్నవి. నాకంటే పదేళ్లు పెద్ద. ఇంటర్ తప్పాడు, అదీ ఒక్క ఇంగ్లీషులోనే. ఆ కోపం జీవితాంతం ఇంగ్లీషు మీద తీర్చుకున్నాడు. శనగపిండి ఖమణ్ పొట్లం కట్టిన ఇంగ్లీషు పేపరు ముక్క చదవందే ఖమణ్ నోట్లో పెట్టేవాడు కాదు. తెలియని మాట దొరికితే, ఆదివారం బజారులో కొన్న పాత డిక్షనరీలో వెతికేవాడు. దానికి ముందు పేజీలు లేవు. అందుకే 'ఏ' అక్షరం మాటల్లో మేమిద్దరం ఇప్పటికీ బీదవాళ్లమే.

దొరికిన మాటను జకార్డు అట్ట మీద రాసేవాడు. అప్పట్లో చీరలో పువ్వు పడాలంటే, చిల్లులు కొట్టిన అట్టలను దండలా కుట్టి సాంచా పైన తిప్పేవాళ్లం. డిజైన్ మారితే పాత అట్టలు చెత్తలోకి పోయేవి. అన్న వాటిని ఏరుకొచ్చి, చిల్లుల మధ్య ఖాళీలో మాట, వెనక దాని అర్థం రాసి, అదే పద్ధతిలో దండ కుట్టేవాడు. తనకొకటి, నాకొకటి. రోజూ దండ తిరగాలి, సోమవారం పరీక్ష. మూడు సోమవారాలు వరసగా అర్థం సరిగ్గా చెప్తే ఆ అట్ట కత్తిరించి నా రేకు డబ్బాలో వేసేవాడు. తప్పితే దండలోనే ఉండేది.

"ఒక్క తిప్పుకే పువ్వు పడుతదా సోమా? దండ తిరగాలె," అనేవాడు.

అనేవాడు అంటే పెదవులతోనే. నూరు సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే చెవిలో అరిచినా వినపడదు కదా. అందరం పెదవులు చూసుకునే మాట్లాడుకునేవాళ్లం. తెలుగయితే సందర్భాన్ని బట్టి తెలిసిపోయేది. కొత్త ఇంగ్లీషు మాటకు ఏ సందర్భం ఉంటుంది? పైగా ప, బ, మ మూడూ పెదవుల మీద ఒకేలా ఉంటాయి. కావాలంటే అద్దంలో చూసుకోండి. అందుకని అన్న మూడు సైగలు పెట్టాడు. ప అయితే అరచేతిలోకి ఊదాలి. మ అయితే ముక్కు ముట్టుకోవాలి. బ అయితే గొంతు ముట్టుకోవాలి, అది పలికితే గొంతు అదురుతుంది కాబట్టి. అలా పన్నెండేళ్లలో నా డబ్బాలో తొమ్మిది వందల అట్టలు పడ్డాయి.

తర్వాత నేను మార్కెట్‌లో చీరల ప్యాకింగ్ పనికి మారాను. కార్ఖానాలోకి కంప్యూటర్ జకార్డు వచ్చింది, అట్టలు పోయాయి. అన్న సూరత్‌కు ఆ చివర కోసాడ్ క్వార్టర్లకు వెళ్లాడు. పండగలకు ఫోన్లో పలకరింపులు, అంతే.

మొన్న చలికాలంలో జమున వదిన ఫోన్ చేసింది.

"మీ అన్న సంగతి జర చూడాలె సోమలింగం."

"ఏమైంది వదినా? గొంతు ఆపరేషన్ మంచిగనే అయిందన్నరు గద, నేను దవాఖానకొచ్చిన్నాడు."

"అయింది. గొంతు పోయింది, పానం మిగిలింది. పెదవులు ఆడుతయ్, నోరు మెదపమనుండ్రి అని డాక్టర్ చెప్పిండు. ఈయన మెదపడు. గోడ దిక్కు తిరిగి పంటడు. పలక ఇస్తే మంచం కిందికి తోసిండు. ప్రవల్లికకు బ్యాంకు పరీక్ష నలభై రోజులల్ల ఉంది. దినాం ఇంగ్లీషు చెప్పేటోడు, ఇప్పుడది పుస్తకం పట్టుకొస్తే కండ్లు మూసుకుంటుండు. నువ్వొస్తే నీతోనన్న మాట్లాడుతడు."

మరునాడే బస్సెక్కి కోసాడ్ వెళ్లాను. తలుపు తీసింది అన్న కూతురు ప్రవల్లిక. బుడ్డ పిల్లగా చూశాను, ఇప్పుడు డిగ్రీ అయిపోయింది. మెల్లగా చెప్పింది.

"కాకా, పరీక్ష పోతే పోనియ్, ఇంకోటి రాస్త. బాపు నాతోని మాట్లాడితే సాలు."

అన్న మెడకు తెల్లగుడ్డ చుట్టి ఉంది. నా సంగతి మీకు తెలుసు కదా, గంటసేపు నేనే వాగాను. చివరికి అన్న ఇటు తిరిగి పెదవులు ఆడించాడు. నాకు అర్థం కాలేదు.

"ఇంకోపారి చెప్పన్నా."

మళ్లీ ఆడించాడు. పెదవులు ఒక చోట మూసుకుని తెరుచుకున్నాయి. పనా, బనా, మనా? అన్న చెయ్యి కొంచెం పైకి లేచింది. మెడ దాకా రాకుండానే పడిపోయింది. అంతే, గోడ వైపు తిరిగాడు.

పన్నెండేళ్లు ఆ పెదవులు చదివిన మనిషిని నేను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కళ్లజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నాను. అద్దాలు బాగానే ఉన్నాయి.

సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. చుట్టూ హారన్లు. పక్క బస్సు కిటికీలో ఒకావిడ పక్కనామెతో ఏదో అంటోంది. "కోడలు ఉప్పు ఎక్కువేసింది" అని హిందీలో అంటోందని నాకు టక్కున తెలిసిపోయింది! అప్పుడు వెలిగింది. నిశ్శబ్దమైన గదిలో చెవి గొంతు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. చప్పుడులో అయితే చెవి చేతులెత్తేస్తుంది, కన్ను పనిలోకి దిగుతుంది. పైగా చప్పుడులో ఎవరికి గొంతు ఉంది? అందరం మూగవాళ్లమే.

పొద్దున్నే పాత కార్ఖానాకు వెళ్లి సాంచాల మధ్య ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. అక్కడ ఇప్పుడు మేస్త్రీ మా పరుశురాం.

"ఏందిరా లింగం, ఈ వయసుల రీల్సు చేస్తున్నవా?" అన్నాడు పెదవులతోనే.

"మరి! నా కోసం జనం పడిచస్తుండ్రు," అన్నాను.

అరగంట చప్పుడు రికార్డు చేసుకున్నాను.

ఆదివారం మా కోడలి బ్లూటూత్ స్పీకర్ సంచిలో వేసుకుని వెళ్లాను. మెట్ల మీదే ప్రవల్లికకు మూడు సైగలు నేర్పాను. అన్న మంచం పక్కన స్పీకర్ పెట్టి పూర్తి సౌండుతో నొక్కాను. ఖటాఖట్, ఖటాఖట్, గది మొత్తం కార్ఖానా అయిపోయింది. వదిన చెవులు మూసుకుంది. అన్న ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

కింది ఇంటి ఎల్లవ్వ పరుగున వచ్చి గుమ్మంలో నిలబడి చేతులు తిప్పుతూ అరిచింది. ఒక్క ముక్క వినపడలేదు. కానీ పెదవులు చూసి నాకు తెలిసిపోయింది: "ఇంట్ల సాంచా పెట్టిన్రానే?" అన్న వైపు చూశాను. ఆయనకూ తెలిసింది. భుజాలు ఎగురుతున్నాయి. నవ్వుతున్నాడు!

నవ్వు ఆగాక నా వైపు చూసి ఒక పొడుగాటి మాట పెదవులతో అన్నాడు. ఈసారి నాకు అందింది. కానీ నేను చెప్పలేదు. ప్రవల్లికను ముందుకు తోసి, పెదవులు చూడమని సైగ చేశాను.

అన్న మళ్లీ అన్నాడు. పిల్ల తనూ పెదవులతోనే ముక్కలు ముక్కలుగా పట్టుకుంటూ వచ్చింది. "ఇన్... టాల... ర..." అక్కడ ఆగింది. తండ్రి పెదవులు మూసుకుని తెరుచుకున్నాయి. పిల్ల అరచేతిలోకి ఊది చూపించింది. కాదన్నాడు. ముక్కు ముట్టుకుంది. కాదన్నాడు. మూడోది ఆ పిల్లకు తెలుసు, కానీ చెయ్యి రాలేదు. తండ్రి వైపే చూస్తూ ఆగిపోయింది.

అన్న వేలు లేచింది. మెడ గుడ్డ దగ్గరకు వచ్చి నిలిచింది. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఖటాఖట్ మోగుతూనే ఉంది. అన్న ఆ వేలు మెల్లగా గుడ్డ మీద ఆనించాడు.

"ఇన్‌టాలరబుల్!" పిల్ల గట్టిగా అరిచిందట. నాకు వినపడలేదు, చూశాను. "సహించలేనిది! ఎవరు బాపు? సాంచానా, కాకనా?"

అన్న తిన్నగా నా వైపు వేలు చూపించాడు.

ఆ రోజు ఇంకో పది మాటలు అయ్యాయి. నేను లేచేటప్పుడు అన్న వదినతో సైగ చేసి అల్మారా మీది నుంచి ఒక మూట దింపించాడు. అందులో ఒక జకార్డు దండ. నేను కార్ఖానా మానేసిన రోజు నాకు మిగిలిపోయిన అట్టలు, నలభై ఒకటి! ఇన్నేళ్లు దాచాడు. మొదటి అట్ట నా ముఖం ముందు పెట్టాడు. నాకు రాలేదు. దండలోనే ఉంచాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం కోసాడే. ఎల్లవ్వ కూడా అలవాటుపడింది. ప్రవల్లిక పరీక్ష రాసింది, ఫలితం ఇంకా రాలేదు. అయినా పాఠం ఆగలేదు. మొన్న ఆదివారం పాఠం మధ్యలో స్పీకర్ బ్యాటరీ అయిపోయి చప్పుడు ఆగిపోయింది. లేచి చార్జింగ్ పెడదామనుకున్నాను. తండ్రి పెదవులు ఆడిస్తున్నాడు, కూతురు రాసుకుంటోంది. ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. వదిన నా వైపు చూసి, కూర్చోమని చేత్తో చెప్పింది.

కూర్చున్నాను. కాసేపటికి అన్న నా దండ అందుకుని అట్ట చూపించాడు. 'రిలక్టెంట్.' ఇష్టం లేక వెనకాడేవాడు అని అర్థమట. అన్న వెనక తిప్పి చూపించాకే తెలిసింది. ఇంకా ముప్ఫై ఆరున్నాయి.