శ్యామలమ్మ విప్పిన బూటు

పింఛను ఆపేస్తామన్న నోటీసును శ్యామలమ్మ చేతిలో పెట్టడానికి సుచరితకు మనసొప్పలేదు. సచివాలయం ఉద్యోగం కాబట్టి పెట్టింది.

"నీ సదరం సర్టిఫికెట్ తాత్కాలికమని ఇచ్చినారక్కా. గడువు అయిపోయింది. మొన్న క్యాంపులో మళ్లీ చూసి వైకల్యం ముప్పై శాతమే వేసినారు. నలభై ఉంటేనే పింఛను."

శ్యామలమ్మ మేకల కోసం కొట్టుకొచ్చిన తుమ్మకొమ్మను అక్కడే పడేసింది. "చిన్నప్పుడు పోలియో వచ్చి చచ్చుబడిన కాలు పాపా ఇది. తాత్కాలికమేంది? ఎప్పుడన్నా బాగయ్యేదా?"

పుల్లలచెరువు దాటాక అడవి అంచున ఉన్న ఆ పల్లెలో శ్యామలమ్మ కాలు చూసినవాళ్లు తక్కువ. పెళ్లికి ముందే తండ్రి ఆమెకు క్యాలిపర్ బూటు చేయించాడు. తొడ దాకా ఇనుప కమ్మీలు, తోలు పట్టీలు. వాటి మీద చీర నేల తాకేలా కట్టి, నలుగురిలో నిటారుగా నిలబడేది. కుంటిది అన్న మాట పడకూడదని పంతం. భర్త పోయాక మేకల మందతోనే సంసారం ఈదుకొచ్చింది. ఎండాకాలం మేతకూ నీళ్ల ట్యాంకరుకూ మాత్రం పింఛనే దిక్కు.

క్యాంపులోనూ అదే పంతం. నడవమంటే బూటుతోనే, పళ్లు బిగబట్టి చక్కగా నడిచింది. విప్పమని అక్కడ ఎవరూ అనలేదు. ఆమే విప్పలేదు.

ఆ సంగతి వినగానే సుచరిత తల పట్టుకుంది. "ఎంత పని చేసినావక్కా! అప్పీలు పెడదాం. ఈసారి బూటు తీసి నడువు."

"అంతమందిలోనా?"

పక్కింటి రోశమ్మ గోడ అవతలి నుంచే అందుకుంది. "ఆ కాలేమన్నా దొంగిలించి తెచ్చినావా దాచడానికి? నేనొస్తా, పద."

ఒంగోలు ఆస్పత్రిలో పరీక్ష. వరండా నిండా జనం. పేరు పిలిచాక శ్యామలమ్మ లోపలికెళ్లి బల్ల మీద కూర్చుంది. పట్టీల మీద చేతులు పెట్టి బయటికి చూసింది. తలుపు తెరిచే ఉంది. వరుసలో వాళ్లంతా ఇటే చూస్తున్నారు. రోశమ్మ తలుపు వేయబోయింది.

"ఉండనీ అత్తా. చూడనీ."

పట్టీలన్నీ విప్పి బూటు పక్కన పెట్టింది. చీర మోకాలి పైకి దోపింది. మణికట్టంత సన్నటి కాలు. చేత్తో మోకాలిని వెనక్కి ఒత్తుకుంటూ, అడుగడుగుకూ ఒళ్లంతా ఒక పక్కకు ఒరిగిపోతుంటే, గది ఆ చివరి దాకా నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు తూలింది. డాక్టరు పట్టుకోబోయాడు.

"వద్దు సార్, నేనొస్తా" అని గోడ ఆసరాతో వచ్చి కూర్చుంది. వస్తుందనుకున్న సిగ్గు రాలేదు.

డాక్టరు టేపుతో రెండు కాళ్లూ కొలిచాడు. పాదాన్ని అరచేత్తో నొక్కి, ఎత్తమన్నాడు. అది కదల్లేదు.

"క్యాంపులో ఇది విప్పలేదామ్మా?"

"లేదు సార్. బాగా కనపడాలనుకుంటి."

"ఈ కాలు మారేది కాదు. నిన్ను మళ్లీ మళ్లీ తిప్పాల్సిన పని లేదు" అన్నాడు రాసుకుంటూ.

బయట ఒక పెద్దాయన ఆమెను ఆపాడు. "అమ్మా, నాది కట్టుడు కాలు. నేనూ తీసి చూపించాల్నా?"

"తీసెయ్ నాయనా, మనకు సిగ్గేంది?" అంది శ్యామలమ్మ, వరండా అంతా వినపడేలా.

కొన్ని వారాల తర్వాత సుచరిత వీధి మొదట్లోంచే అరుచుకుంటూ వచ్చింది. "డెబ్బై శాతమక్కా! శాశ్వతమని ఇచ్చినారు! పింఛను ఆగదు!"

"ఇంకోసారి చెప్పు. గట్టిగా చెప్పు."

సుచరిత గట్టిగా చెప్పింది. జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు. రోశమ్మ శ్యామలమ్మను వాటేసుకుని ఏడ్చేసింది.

ఆ ఆదివారం మందలోని పెద్ద పోతును కోయించింది శ్యామలమ్మ.

"అమ్ముకుంటే మంచి రేటొచ్చేది కదే" అని రోశమ్మ గొణిగింది.

"అమ్మేది ఎప్పుడూ ఉండేదే అత్తా. ఈ పూట అందరం తిందాం" అంటూ, ఉడుకుతున్న కూరలో ఇంకో గుప్పెడు కారం వేసింది.