మూడు నిమిషాల్లో గ్లాసుడు నీళ్ళు

గంట అని పేరు పెట్టారు గానీ దీనికి పనిపడేది మూడు నిమిషాలకే, గంటకోసారి మోగేదాన్ని గంట అంటే ఒప్పుకోవచ్చు, దీన్ని నిమిషం అనాలి, అనుకుంటూ జగదీశ్వరరావు ఇత్తడి గంట మీద అరచెయ్యీ, ఫోన్లో టైము మీద కళ్ళూ పెట్టుకుని ల్యాబు వెనక బెంచీలో కూర్చున్నాడు, ల్యాబు అనకూడదు, లాబీ అనాలి, మూడేళ్ళ కింద దాకా ఇది కెమిస్ట్రీ ల్యాబే, గుడిదీర్ఘం తగిలించి లాబీ చేసేశారు, రిసెప్షన్ కౌంటరు కింద గ్యాసు పైపు ఇంకా అలాగే ఉంది, యాసిడ్ మరకల మీద ప్లాస్టిక్ పూలకుండీ కూర్చుంది, ఫ్రంట్ ఆఫీసు అని బోర్డు రాయించారు గానీ అదేమో కాలేజీకి వెనకవైపు, సైకిల్ షెడ్డు పక్కన, ఇరవై రెండేళ్ళు కామర్సు చెప్పిన మనిషిని పిలిచి, ఆరు రోజుల ఆన్‌లైన్ శిక్షణ ఇప్పించి, రేపట్నుంచి మీరు టూరిజం అండ్ హాస్పిటాలిటీ అన్నారు, కామర్సు అసలు, ఈ కోర్సు కొసరు అని స్టాఫ్ రూములో తనే పేలాడు, అందరూ నవ్వారు, నవ్వాక ఇంటికెళ్ళి వీడియో చూసి టై కట్టుకోవడం నేర్చుకున్నాడు, అన్నవరం సత్రం కన్నా పెద్ద గదిలో ఏనాడూ పడుకోని మనిషి, స్టార్ హోటల్ గురించి స్టార్టు చేశాడు.

సిద్ధమేనా మాస్టారూ, అని గుమ్మం బయట నుంచి మౌళి అడిగాడు, విశాఖ బీచి రోడ్డులో పెద్ద హోటలుకి ఫ్రంట్ ఆఫీసు మేనేజరు, నలభై ఏళ్ళుంటాయేమో, చొక్కా మడత నలగని మనిషి, ఆరు నెలల ట్రైనింగుకి మీ ఫైనలియర్ వాళ్ళలో ఇద్దరిని తీసుకుంటాను, నేనే గెస్టులా పెట్టె లాక్కుంటూ వస్తాను, మూడు నిమిషాల్లో నాకు గది తాళం ఇవ్వాలి, అంతే పరీక్ష అని పొద్దున రాగానే అన్నాడు, రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మా రోల్ ప్లే పగలకుండా ఉంటే చాలండీ అని జగదీశ్వరరావు పెద్దగా నవ్వాడు, ఒక్కడే నవ్వాడు, పొద్దుటి నుంచి నలుగురయ్యారు, వీరేంద్ర రెండు నిమిషాల పది సెకన్లకి తాళం ఇచ్చేసి సీటు పట్టేశాడు, మిగతా ముగ్గురూ తడబడి పోయారు, ఇంక ఉన్నది ఒకే సీటు, ఒకే నూకరత్నం, ఈ పిల్లకి రాకపోతే ఆ సీటు వేరే కాలేజీకి పోతుంది, ఈ పిల్ల ఊళ్ళో లాడ్జిలో రిజిస్టరు రాసుకుంటూ ఆరు నెలలు వెళ్ళదీస్తుంది, ఇంటర్న్‌షిప్పు అనే ఓడ ఎక్కాలంటే విశాఖలోనే ఎక్కాలి, నర్సీపట్నంలో ఉన్నవన్నీ తెప్పలే, రండి సార్, అని కేకేసి ఫోన్లో టైము నొక్కాడు.

నమస్కారమండీ, రండి, కూకోండి, అంది నూకరత్నం, కూర్చోండి అనాలమ్మా అని మూడేళ్ళు చెప్పాడు, పోనీలే, నవ్వు బాగుంది, అరువు తెచ్చుకున్న నల్లకోటు భుజాల దగ్గర జారుతున్నా నిలబడ్డం బాగుంది, ఇప్పుడు పేరడగాలి, జాబితాలో రెండోది పేరు, మూడోది గుర్తింపు కార్డు, నాలుగోది సంతకం, ఐదోది తాళం, ఎక్కడిదో ఇంగ్లీషు కాగితం చూసి తనే తయారు చేసిన జాబితా, మొత్తం పది, అందులో మంచినీళ్ళది తొమ్మిదో నంబరు, అదీ టైముంటేనే, అడుగమ్మా పేరడుగు, అని లోపల్లోపల గొణుక్కుంటుంటే ఆ పిల్ల కౌంటరు కిందికి వంగింది, గ్యాసు పైపు పక్క నుంచి మరచెంబు తీసింది, వద్దమ్మా, మూత తిప్పింది, వద్దని సెకండియర్లో మూడుసార్లు రెండేసి మార్కులు కోశాను కదా, గ్లాసు నింపింది, ట్రే మీద పెట్టింది, రెండు చేతులతో ఇచ్చింది, ముప్ఫై ఐదు సెకన్లు, మౌళి గ్లాసు అందుకున్నాడు, తాళ్ళపాలెం దగ్గర కారు ఏసీ ఆగిపోయిందని వచ్చినప్పుడే చెప్పాడు, పొద్దుటి నుంచి నలుగురు పిల్లలు ఆయన్ని నాలుగుసార్లు పేరడిగారు, ఒక్కరూ నీళ్ళు కావాలా అనలేదు, గుటక తర్వాత గుటక, నిమిషం, నిమిషం పది, నూకరత్నం చేతులు కట్టుకుని నిలబడింది, చెక్ ఇన్ కాస్తా చిక్కెన్ అయిపోతోంది, ఆయన తాగుతుంటే అడగొచ్చు కదా తల్లీ, చెవులకేం పని, అడగదు, ఇంకొన్ని పొయ్యమంటారా అంది, అదొక్కటీ అడిగింది, పొయ్యి అన్నాడాయన, రెండు నిమిషాల ఐదు.

గ్లాసు కింద పెట్టాకే పేరడిగింది, లిస్టులో వెతుకుతోంది, వేలు పైనుంచి కిందికి నిదానంగా దిగుతోంది, దొరికింది, రెండు యాభై, కార్డు అనే మాటకి నోరు తెరుస్తోంది, చెయ్యి గంట మీదే ఉంది, కొట్టకుండా ఉండొచ్చు, ఫోను ఆగిపోయిందని చెప్పొచ్చు, ఎవరు చూడొచ్చారు, కానీ పొద్దున ఓడిపోయిన ముగ్గురికీ ఇదే చేత్తో కొట్టాడు, ఇప్పుడూ కొట్టాడు, గంట ఖంగుమంది, మాస్టారు కంగు తిన్నాడు.

మౌళి పెట్టె పక్కన పెట్టి కాగితం తీశాడు, పేరు దాకానే వచ్చావమ్మా, కార్డు లేదు, సంతకం లేదు, తాళం లేదు, అలా చూస్తూ నిలబడిపోయావేంటి, అన్నాడు, తమరు నీళ్ళు తాగతన్నారు కదండీ, అంది నూకరత్నం, తాగేటప్పుడు అడక్కూడదా, అడక్కూడదండీ, ఏ ఊరు, ఏటి పని అని ముందడిగేసి అప్పుడు నీళ్ళిస్తే, జవాబు నచ్చింది కాబట్టి ఇచ్చినట్టుంటాది, మాయమ్మ సంపేస్తాది, అంది, భయం లేకుండా, వాదన కూడా లేకుండా, సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నట్టు అంది, మౌళి పెన్ను మూత రెండుసార్లు పెట్టి తీశాడు, బాగానే ఉంది, కానీ కార్డు చూడకుండా గది ఇస్తే పోలీసులొచ్చి అడిగేది నన్ను, మీ అమ్మని కాదు, భోజనాలయ్యాక ఇంకొక్కసారి చూస్తాను, అంతే, మూడో ఛాన్సు లేదు, అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

వరండాలో ఎండ ముందుకి జరిగింది, సైకిళ్ళ సీట్లు పొయ్యి మీద పెనాల్లా ఉన్నాయి, నూకరత్నం క్యారేజీ విప్పకుండా వచ్చి నిలబడింది, ఈసారి నీళ్ళు మానీమంటారా సార్, అనడిగింది, మానేయమ్మా అనడం ఎంత తేలిక, మూడేళ్ళుగా అంటున్న మాటే, నోట్లో తయారుగా ఉన్న మాటే, ఎందుకో బయటికి రాలేదు, ఆ పిల్ల భుజం వెనకాల వరండా కుళాయి కనిపిస్తోంది, దాని మూతికి గుడ్డపేలిక కట్టి ఉంది, మూడేళ్ళ కింద కూడా అదే పేలిక, ఇదే ఎండ, కృష్ణదేవిపేట నుంచి షేర్ ఆటోలో పడొచ్చి తల్లీ కూతురూ ఇక్కడే నిలబడ్డారు, కొండలమ్మ, ఔను, కొండలమ్మ అనే చెప్పింది పేరు, అడ్మిషన్ కోసం, ఆస్పత్రి కోర్సంట కదా బాబూ, సూదులెయ్యడం నేరుపుతారా, అనడిగింది, హాస్పిటాలిటీలో హాస్పిటల్ని విని, ఊరి పేరులోనే నర్సి ఉంది కాబట్టి నర్సు ఉద్యోగమే అనుకున్నట్టున్నావమ్మా అని తను పేల్చాడు, ఆవిడ నవ్వలేదు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి, నవ్వితే చిట్లుతాయి, టీసీ తెచ్చారా, ఇంటరు మార్కుల లిస్టు ఏది, ఆధార్ జెరాక్సు మూడు కాపీలు కావాలి, అని తను వరసగా అడిగాడు, ఆవిడ పాలిథిన్ కవరు విప్పుతూ, కాసిన్ని మంచినీళ్ళు ఉంటాయా బాబూ అంది, తను కాగితాల్లోంచి తలెత్తకుండా కుళాయి వైపు వేలు చూపించాడు, పేలిక కట్టిన కుళాయి, చుక్క రాదు, వెళ్ళి తిప్పి చూసి వచ్చింది, పర్నేదు బాబూ, ఆటో ఎక్కేటప్పుడు తాగేను, అంది, అబద్ధమని అప్పుడే తెలుసు, తెలిసీ ఫోటోలు తెచ్చారా అనడిగాడు.

సార్, అంది నూకరత్నం, మానీమంటారా, మానొద్దు, అన్నాడు జగదీశ్వరరావు, ఇయ్యి, మీ అమ్మ చెప్పినట్టే ఇయ్యి, తాగుతున్నప్పుడు అడక్కు, కానీ చేతులు కట్టుకుని నిలబడకు, ఆ పూట రావలసిన గెస్టుల పేర్లు లిస్టులో ఉంటాయి కదా, ఆయన తాగుతుంటే దాన్ని ముందేసుకో, రిజిస్టరు తిప్పి పెన్ను పెట్టుకో, గ్లాసు దించేసరికి పేరూ కార్డూ ఒక్క ముక్కలో అడిగితే చాలేలా చూసుకో, మరి టైము సరిపోతాదా సార్, తెలీదమ్మా, సరిపోకపోతే గంట మాత్రం కొడతాను, అన్నాడు, కొట్టాలి కదండీ మరి, అని ఆ పిల్ల నవ్వి క్యారేజీ విప్పుకోవడానికి వెళ్ళింది.

రెండున్నరకి మళ్ళీ పెట్టె చక్రాల చప్పుడు, నమస్కారమండీ, కూర్చోండి, ఈసారి కూర్చోండే అంది, మరచెంబు, గ్లాసు, రెండు చేతులు, మౌళి కావాలనే నిదానంగా తాగుతున్నాడని తెలుస్తూనే ఉంది, ఒక గుటకకీ ఇంకో గుటకకీ మధ్య గోడ మీది బొర్రా గుహల పోస్టరు చూస్తున్నాడు, నూకరత్నం ఆయన వైపు చూడకుండా రిజిస్టరు తిప్పింది, పెన్ను మూత తీసింది, లిస్టు మీద వేలు పెట్టింది, ఇంకొన్ని పొయ్యమంటారా, పొయ్యి, నిమిషం నలభై, ఎవరో గెస్టు, ఎవరో రిసెప్షన్, తన గుండె ఎందుకు కొట్టుకోవాలి, గ్లాసు దిగింది, రెండు నిమిషాల పది, మౌళి గారే కదండీ, కార్డు ఒకపాలి ఇప్పిస్తారా, పాలి కాదు సారి, పోనీ, కార్డు వచ్చింది, నంబరు రాస్తోంది, ఇక్కడ సంతకం చెయ్యండి, రెండు నలభై, పెన్ను రాయలేదు, ఇంకో పెన్ను చెవి వెనకే ఉంది, రెండు యాభై, తాళం కొక్కెం మీంచి తీసి రెండు చేతులతో ట్రే మీద పెట్టింది, తాళం ట్రేకి తగిలిన చప్పుడూ గంటా దాదాపు కలిసే మోగాయి, కొంచెం ముందు మోగింది తాళమే.

మౌళి తన గుర్తింపు కార్డు జేబులో పెట్టుకున్నాడు, జూలై ఒకటిన రా అమ్మా, నల్ల బూట్లు ఉండాలి, చెవి వెనక పెన్ను మాత్రం మా హోటల్లో కుదరదు, అన్నాడు, తర్వాత బెంచీ వైపు తిరిగి, ఆ నీళ్ళ పద్ధతి మీరు నేర్పారా మాస్టారూ, అనడిగాడు, ఊళ్ళో ఎవరి ఘనతైనా సరే సగం తనది చేసుకునే నోరు ఇది, ఔనండీ, థియరీలో నీరు, ప్రాక్టికల్లో తీరు అని ఒక ముక్క నాలిక చివరిదాకా వచ్చింది, వచ్చి ఎండిపోయింది, లేదండీ, మాన్పించాలని చూశాను, ఇచ్చినప్పుడల్లా రెండు మార్కులు కోశాను, అన్నాడు జగదీశ్వరరావు, నూకరత్నం తల దించుకుని మరచెంబుకి మూత బిగిస్తోంది.

కారు వెళ్ళాక వరండాలోకి వచ్చేసరికి ఎవరో ఒకతను నిలబడి ఉన్నాడు, తువ్వాలు నెత్తిన వేసుకుని, పక్కన ఇంటరు పాసైన కూతురు, చేతిలో పాలిథిన్ కవరు, మాకవరపాలెం నుంచండీ, నా పేరు మత్స్యలింగం, హోటల్ కోర్సు ఇక్కడేనాండీ, అన్నాడు, టీసీ అనే మాట అలవాటుగా పళ్ళ దాకా వచ్చింది, మూడేళ్ళుగా అతిథిని ఎలా చూడాలో చెబుతూ వచ్చాను, ఈ గుమ్మం ఎక్కినవాళ్ళందర్నీ ముందు ప్రశ్నే అడిగాను, అందుకే ఎవరికీ ఏదీ ఇచ్చినట్టు లేదు, కూర్చోండి, అని బెంచీ చూపించి లోపలికి తిరిగాడు, అమ్మా నూకరత్నం, ఆ మరచెంబు ఇలా ఇయ్యి, అన్నాడు, నాను పోత్తాను సార్ అంది ఆ పిల్ల, వద్దు, నేను పోస్తాను, అని గ్లాసు నింపి, ఒలకకుండా, రెండు చేతులతో పట్టుకుని బయటికి నడిచాడు, మత్స్యలింగం తాగి, కూతురికి పోయించుకుని, గ్లాసు కింద పెట్టేదాకా మాస్టారు ఏమీ అడగలేదు.