అష్టమినాటి దండెం

మొగలిపొదల చాటునుంచి దీనమ్మ తిరిగి వచ్చేసరికి ఏటిగట్టు మీద వెదురు దండెం బోడిగా నిలబడి ఉంది.

దారి తప్పి ఇంకో దండెం దగ్గరికి వచ్చానేమోనని ఒక్క క్షణం ఆశపడింది పిచ్చిపిల్ల. అంత పొడుగు దండెం నరసాపురం నుంచి సముద్రం దాకా వెతికినా ఇంకొకటి లేదు. దాని మీద అరగంట క్రితం తన చేతులతో ఆరేసిన లేసు గుడ్డ లేదు. ఆ చివర వేలాడుతున్న రెండు మూడు వలలూ లేవు. వలలంటే పల్లెకారులు వేటకు పట్టుకుపోయి ఉంటారు. లేసు పట్టుకుపోయి ఏం చేసుకుంటారు, రొయ్యలకు మేలిముసుగు వేస్తారా?

అది అలాంటిలాంటి గుడ్డ కాదు. గోదావరికి ఆనకట్ట కట్టి నలభై ఏళ్ళు దాటాక ఇసకతిప్ప క్రైస్తవులు తాటాకు గుడి పీకేసి పెంకుల గుడి కట్టుకున్నారు. ఆ కొత్త గుళ్ళో, కోతల పండుగ ఆదివారం నాడు, ప్రభువు బల్ల మీద పరచడానికి ఆరుగురు ఆడవాళ్ళు ఏడు నెలలు కూర్చుని కొక్కెం సూదులతో అల్లారు దాన్ని. నాలుగు బారల పొడుగు. అంచు పొడవునా ద్రాక్షగుత్తులు. ఊళ్ళో ద్రాక్షపండు మొహం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు గనక అవి కొంచెం ఈతపళ్ళ గెలల్లా వచ్చిన మాట నిజమే. అల్లిక అయ్యాక కుంకుడురసంలో ఉతికి, పల్చగా గంజి పెట్టి, ముడత పడకుండా గాలికి ఆరబెట్టే పని దీనమ్మకు అప్పగించారు. ఆరుగురిలో చెయ్యి తేలికైనది ఆమెదే.

గుడ్డ పోయిందన్నది ఒక దిగులు. ఆ అరగంటా నువ్వెక్కడున్నావే అంటే ఏం చెప్పాలన్నది దానికి పదింతల దిగులు.

ఆ సంఘంలో పెళ్ళి కావాలంటే పాదిరిగారు వరుసగా మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ గుళ్ళో చదవాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పాలి. మూడోసారి కూడా ఎవరూ లేవకపోతేనే పెళ్ళి. ఆ మూడు వారాలూ పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఒకరి నీడ ఒకరు తొక్కకూడదని ఇసకతిప్పవాళ్ళ కట్టుబాటు. దీనమ్మ పేరూ, మిషను బడి పంతులు ఆశీర్వాదం పేరూ రెండు ఆదివారాలు చదివారు. మూడోది ఎల్లుండి కాక ఆవలెల్లుండి. అంతలో ఈ గురువారం మధ్యాహ్నం, మొగలిపొదల చాటున, ఇద్దరూ అరగంట సేపు మాట్లాడుకున్నారు. మీరు అనుకునే మాటలు కావు. కాపురం పెట్టబోయే ఇంట్లో పొయ్యి తూర్పు గోడకు వెయ్యాలా, ఉత్తరం గోడకు వెయ్యాలా అన్నది తేల్చుకోవడానికి. తేలనే లేదు. కాని ఆ సంగతి బయటికొస్తే పెళ్ళి ఆగడమే కాదు, కట్టుబాటు తప్పిన పంతులికి బడిలో చోటుండదు.

సాయంత్రానికి ఊరంతా గుప్పుమంది. లేసు పనికి పెద్ద సంపూర్ణమ్మ, దీనమ్మ ఇంటి వాకిట్లో నులకమంచం వేయించుకుని మరీ కూర్చుంది. వయసు అరవై. ఆమె చూపు పడితే అల్లికలో తప్పుపోయిన కన్ను తనంతట తనే విప్పుకుంటుందని అమ్మలక్కలు చెప్పుకునేవారు.

"ఎక్కడికెళ్ళావే?"

"దాహమేసి ఇంటికొచ్చానత్తా."

"ఆహా. మంచినీళ్ళు తాగావా?"

"తాగానత్తా."

"ఏం చెంబుతో?"

దీనమ్మ గుమ్మం వైపు చూసింది. తల్లి జ్ఞానమ్మ గుమ్మంలో నిలబడి తల దించుకుంది. మధ్యాహ్నమంతా ఆవిడ గుమ్మంలోనే కూర్చుని బియ్యం ఏరుతోంది. సంపూర్ణమ్మ ఆ దారినే రెండుసార్లు పోయింది.

"చూడమ్మాయ్. గుడ్డ పోతే పోయింది. ఏడు నెలల పని, నా కళ్ళు పోయాయి, సరే. కాని అబద్ధం చెప్పే పిల్లని పంతులికి కట్టబెట్టి రేపు బడిపిల్లలకి నీతులు చెప్పించమంటావా? ఆదివారంలోగా ఆ అరగంటా ఎక్కడున్నావో నాకు చెప్పాలి. చెప్పలేదో, పాదిరిగారు అడిగినప్పుడు నేను లేస్తాను."

"అత్తా..."

"లేస్తానే. మోకాళ్ళ నొప్పులున్నా లేస్తాను."

ఆమె అన్నదంటే చేస్తుంది.

శుక్రవారమంతా దీనమ్మ కాలు నిలవలేదు. గాలికి ఎగిరిందేమోనని మొగలిముళ్ళన్నీ గాలించింది. చేతులు చీరుకుపోయాయి గాని దారప్పోగు దొరకలేదు. ఆవు నమిలిందేమోనని ఊళ్ళో ఆవులన్నిటి మూతులూ చూసింది. ఏట్లో పడిందేమోనని మోకాలిలోతు దిగి రేవంతా దేవింది. దారిలో కనపడిన ప్రతివాళ్ళ చూపూ వీపు మీద గుచ్చుకుంటున్నట్టే ఉంది. బడి ముందు నుంచి పోతుంటే ఆశీర్వాదం పలక పట్టుకుని కిటికీలో నిలబడ్డాడు. "చెప్పేస్తాను" అన్నట్టు పెదవులు కదిపాడు. ఆమె కళ్ళతోనే "వద్దు" అంది. ఆ చూపుకు అతని చేతిలో పలక జారి కాలిమీద పడింది.

శనివారం పొద్దున్న ఏటిగట్టున మళ్ళీ నడుస్తుంటే బుల్లియ్య ఎదురొచ్చాడు.

ముసలి బుల్లియ్య పల్లెకారుల పెద్ద. కళ్ళకు పొర కమ్మి వేట మానేశాడు గాని నోరు మానలేదు. ఒకప్పుడు తన వలలో పడిన పులస తనను పడవతో సహా ధవళేశ్వరం దాకా లాక్కుపోయి, అక్కడ ఆనకట్ట అడ్డమొస్తే గాని ఆగలేదని చెబుతాడు. నమ్మనివాళ్ళకు పడవ చూపిస్తాడు. దీనమ్మ పెళ్ళి కుదిరిన దగ్గర్నుంచీ అడుగుల చప్పుడు విని, "ఏమండీ పంతులమ్మగోరూ, మా ముసలోళ్ళకి కూడా అచ్చరాలు నేర్పిత్తారాండీ?" అని వేళాకోళం ఆడని రోజు లేదు.

ఆవేళ "దీనమ్మనే తాతా" అన్నా పలకలేదు. మొహం పక్కకు తిప్పుకుని, కర్రతో దారి తడుముకుంటూ, ఏట్లో పడేంత వేగంగా పోయాడు.

దీనమ్మ అక్కడే నిలబడిపోయింది. ఊరంతా తనను గుచ్చి గుచ్చి అడుగుతుంటే, ఒక్కమాటైనా అడగనివాడు ఈ ముసలాయనొక్కడే. బుల్లియ్య నోరు మూసుకోవడమా? గోదావరి వెనక్కి పారినట్టుంది.

గట్టు మీద పడవలు బోర్లా పడి ఉన్నాయి. అప్పుడు తట్టింది ఆమెకు. గురువారం కూడా ఇవి ఇలాగే ఉన్నాయి. తను గుడ్డ ఆరేసినప్పుడూ ఉన్నాయి, తిరిగొచ్చినప్పుడూ ఉన్నాయి. ఒక్క పడవా ఏట్లోకి దిగలేదు. మరి దండెం మీద వలలు వేటకు ఎలా పోయాయి?

బుల్లియ్య గుడిసె వెనక్కి పరుగెత్తింది.

అక్కడ బుల్లియ్య పెళ్ళాం రత్తమ్మ, కుండలూ చేటలూ మూట కట్టి చిన్న పడవలోకి ఎక్కిస్తోంది. దీనమ్మను చూడగానే చేతిలో చేట వదిలేసి ఇసుకలో కూలబడింది.

"మాకేటీ తెలీదమ్మా! మేము అవతలి లంకలో సుట్టాలింటికి పోతన్నాం."

"మామ్మా, గురువారం వలలు ఎవరు తీశారు?"

రత్తమ్మ కళ్ళు పెరట్లో రాళ్ళపొయ్యి మీదున్న పెద్ద కాగు వైపు వెళ్ళాయి. దాని అడుగున తుమ్మచెక్క పిప్పి మిగిలి ఉంది. నూలు వల కొత్తలో తెల్లగా ఉంటుంది. ఊరికే నీళ్ళలో వేస్తే నెలలో చివికిపోతుంది. తుమ్మచెక్క మరిగించిన నీళ్ళలో ముంచి తీస్తే గోధుమరంగు తేలి ఏడాది నిలుస్తుంది.

వెనకనుంచి బుల్లియ్య గొంతు వినిపించింది. "దాయకే, రత్తీ. తీసుకొచ్చి ఇచ్చెయ్."

చూరులోంచి తీసుకొచ్చింది రత్తమ్మ. నాలుగు బారల బల్లగుడ్డ. ద్రాక్షగుత్తులతో సహా, పాత బెల్లంలా, ముదురు గోధుమరంగులో.

దీనమ్మ గుడ్డను ఒళ్ళో వేసుకుని ఏడ్వడం కూడా మరిచిపోయింది.

"అష్టమమ్మా ఆవేళ," అన్నాడు బుల్లియ్య. "అష్టమికి పోటు సచ్చిపోద్ది, వేటుండదు. ఆరోజు ఎవరి కొత్త వలలైనా ఆ దండెం మీద ఏసి పోతారు. నేను తీసి సెక్కనీళ్ళలో ముంచుతాను. ఎవురిదని అడగను, ఆళ్ళు సెప్పరు. మా తాతల నాటి నుంచీ అంతే. నా సేతికి సన్నటి అల్లిక తగిలింది. రొయ్యపొట్టు పట్టే వల అనుకున్నాను. ఎవడో మొనగాడు అల్లాడురా అని మెచ్చుకుని, ఇంకోసారి ముంచాను తల్లీ, గట్టిగా ఉంటాదని!"

"సాయంత్రం ఊళ్ళో గోల యినేదాకా మాకు తెలవదు," అంది రత్తమ్మ. "మిషను దొరసానిగోరు పోలీసోళ్ళని తెత్తారని ఈయన అన్నం మానేశాడు."

గుడి తిథులు ఎంచదు. దీనమ్మకు తెలిసింది గురువారం, శుక్రవారం, మూడో ఆదివారం. ఆ గురువారమే అష్టమి కూడా అయి కూర్చుంటుందని ఆమె లెక్కలో లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ గట్టు మీదే తిరుగుతూ, ఏ రోజున వలలు రంగు మారతాయో ఒక్కసారైనా పట్టించుకున్న పాపాన పోలేదు.

దారి ఇప్పుడు రెండుగా చీలింది. గుడ్డ మళ్ళీ చూరులో పెట్టించి ఊరుకుంటే ఈ ముసలివాళ్ళు పుట్టిన గట్టు వదిలి పోతారు. పట్టుకెళ్ళి చూపిస్తే, దండెం మీద వేసినదాన్ని ఎవరికి వదిలి ఎక్కడికెళ్ళావన్న ప్రశ్న మళ్ళీ మొదటికొస్తుంది.

"మూటలు దింపుకో మామ్మా," అంది దీనమ్మ. "నీ పేరు, తాత పేరు ఎవరికీ చెప్పను."

ఆదివారం గుడి కిక్కిరిసింది. కొత్త వరి కంకులు, గుమ్మడికాయలు, అరటిగెలలు వరసగా పేర్చారు. ప్రభువు బల్ల మీద మాత్రం పాత దుప్పటి పరిచి ఉంది. ఆడవాళ్ళ వైపు మొదటి చాప మీద సంపూర్ణమ్మ, పక్కనే చేతికర్ర. మూడు చాపల వెనక దీనమ్మ, ఒళ్ళో మూట. మగవాళ్ళ వైపు ఆశీర్వాదం గోడకు ఆనుకుని, ఆ గోడ కంటే తెల్లబోయి కూర్చున్నాడు. ఆమె ఏం చేయబోతోందో అతనికి తెలియదు.

పాటలయ్యాయి, ప్రసంగమయింది. పాదిరి జ్ఞానప్రకాశంగారు కళ్ళజోడు సర్దుకుని కాగితం తీశారు. సంపూర్ణమ్మ చెయ్యి కర్ర మీద పడింది.

"దీనమ్మకూ ఆశీర్వాదానికీ జరగబోయే వివాహానికి ఇది మూడవ ప్రకటన. దీనికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే..."

"నాకుందండి."

లేచింది సంపూర్ణమ్మ కాదు. గుళ్ళో మెడలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. జ్ఞానప్రకాశంగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. నిలబడింది పెళ్ళికూతురే.

"నువ్వు కూర్చోవాలమ్మా. ఇది మిగతావాళ్ళని అడిగేది."

"చెప్పి కూర్చుంటానండి." మూట విప్పింది. గోధుమరంగు లేసు కిందికి జారేసరికి ఆడవాళ్ళలో గుసగుస లేచింది. "అష్టమినాడు ఆ దండెం మీద వేసిందేదైనా చెక్కనీళ్ళలో ముంచమని ఇచ్చినట్టేనండి. నేను వేశాను. ముంచినవాళ్ళ తప్పు ఇసుమంతైనా లేదు. పక్కన నిలబడి కాపలా కాయాల్సిన అరగంటా నేను మొగలిపొదల దగ్గరున్నాను. సంపూర్ణమ్మత్తతో అబద్ధమాడాను."

"మొగలిపొదల దగ్గర ఏం పని?" అన్నారు పాదిరిగారు.

"నాతో మాట్లాడుతోందండి!" గోడ దగ్గర్నుంచి ఆశీర్వాదం లేచాడు. "రమ్మన్నది నేనే. పొయ్యి ఏ గోడకు వెయ్యాలో అడుగుదామని. ఉద్యోగం తీసెయ్యదలిస్తే నాది తీసెయ్యండి. ఆమెనేమీ అనకండి."

కర్ర నేలకు తగిలిన చప్పుడు. సంపూర్ణమ్మ మోకాళ్ళు పట్టుకుని, చాపను తిట్టుకుంటూ, నెమ్మదిగా లేచింది. దీనమ్మ కళ్ళు మూసుకుంది.

సంపూర్ణమ్మ వచ్చి లేసు అంచు పట్టుకుని వెలుగులోకి లాగింది. కన్ను కన్నూ వేలితో తడిమింది. ఎంతసేపు తడిమిందంటే, వెనక వరసలో ఒక పసిపిల్లకు నిద్ర పట్టేసింది.

"ఒక్క కన్నూ తెగలేదు," అంది చివరికి, తనలో తను అనుకున్నట్టు. తరవాత జనం వైపు తిరిగింది. "ఏమర్రా. ప్రకటనలు జరిగే మూడు వారాల్లో ఒకరినొకరు కలుసుకోకుండా, మాట్లాడుకోకుండా పెళ్ళి చేసుకున్నవాళ్ళు ఈ గుళ్ళో ఎవరున్నారో లేవండి. వాళ్ళే ఈ పిల్ల మీద అభ్యంతరం చెబుతారు."

ఎవరూ లేవలేదు. మగవాళ్ళంతా గుమ్మడికాయలను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళకు కొంగులు సర్దుకునే పని పడింది. సంఘపెద్దలు నలుగురూ పైకప్పు పెంకులు ఎంత బాగా వేశారో పరీక్షగా చూశారు. పాదిరిగారు అనుకోకుండా తన భార్య వైపు చూసి, వెంటనే కాగితంలోకి తల దూర్చేశారు. ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గు చాలాసేపు తగ్గలేదు.

"నువ్వు లేచే ఉన్నావు గదా సంపూర్ణమ్మా?" అన్నారు పాదిరిగారు, కాగితంలోంచే.

"నేను అడగడానికి లేచానండి. ఇంకాసేపట్లో కూర్చుంటాను." దీనమ్మ వైపు వేలు చూపింది. "నాతో అబద్ధమాడినందుకు, వచ్చే కోతలలోగా ఇంకో తెల్లగుడ్డ అల్లాలి. సగం అంచు నువ్వే. ఆ పంతుల్ని పక్కన కూర్చోబెట్టుకుని దారం ఉండలు చుట్టించుకో. పెళ్ళి మాత్రం ఆగదు. కానివ్వండి పాదిరిగారూ, జనానికి ఆకలేస్తోంది."

జ్ఞానప్రకాశంగారు గొంతు సవరించుకుని మూడో ప్రకటన మొదటినుంచీ మళ్ళీ చదివారు. అభ్యంతరం మాట వచ్చినచోట దీనమ్మ మనసులో లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... ఎవరూ కదల్లేదు. "ఆమేన్" అన్నారు పాదిరిగారు. "ఆమేన్" అంది గుడి.

దీనమ్మ ఇంకా నిలబడే ఉంది.

"అయిపోయిందే," అంది సంపూర్ణమ్మ, ఆమె చీర కుచ్చెళ్ళు పట్టి కిందికి లాగుతూ. "కూర్చో."