ఇరవై నాలుగో వంతు

"ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా, ఆ సీట్లకి కాస్త రంగు వేసి పెట్టు," అన్నారు మా ఆయన బూట్ల లేసులు బిగించుకుంటూ. అప్పుడు నా ఎడమ చంకలో పాప, కుడి చేతిలో తోముతున్న పాల గిన్నె, మోచేతి దాకా నురగ. తలూపాను. నేను తలూపడం ఆయన చూడలేదు. చూడాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ పడలేదు.

ఆ 'కాస్త' అనే మాట ఆయన నాలుక కింద చప్పరించే బిళ్ళలా ఎప్పుడూ ఉంటుంది. కాస్త ఆ చొక్కా చూడు. కాస్త అమ్మకి ఫోన్ చెయ్యి. కాస్త పాప ఏడవకుండా చూసుకో. చొక్కా చూడటమంటే ఉతికి, ఆరేసి, ఊడిన బొత్తాం వెతికి కుట్టి, ఇస్త్రీ చేసి, తలుపు వెనక తగిలించడం. కానీ అంత పనీ ఆ మాటలోకి వెళ్ళేసరికి ముడుచుకుని గోరంత అయిపోతుంది. ఆయన్ననడం ఎందుకు, మా నాన్న కూడా ఆ మాటే అన్నాడు. నేను పదో తరగతి సగంలో ఉండగా అమ్మ మంచం పట్టింది. "కాస్త ఆగమ్మా, అమ్మ లేచాక మళ్ళీ వెళ్దువుగాని," అన్నాడు. అమ్మ లేచింది, నాకు పెళ్ళయింది, పాప పుట్టింది. ఆ కాస్త మాత్రం ఇంకా అయిపోలేదు.

మా ఆయన కార్లు తయారు చేస్తారు. నిజమైనవి కాదు, చిన్నవి. బొమ్మ కార్లు అనకూడదు, మోడల్స్ అనాలి. పెళ్ళయిన కొత్తలో బొమ్మలు అన్నందుకు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ కొమ్మలకి కాయలు కాసినట్టు చక్రాలు, తలుపులు, ఇంజను ముక్కలు వేలాడుతుంటాయి. వాటిని కత్తిరించి, ఇసుక కాగితంతో రుద్ది, అతికించి, రంగులు వేస్తే అసలు కారు అచ్చంగా, ఇరవై నాలుగో వంతులో తయారవుతుంది. పై రంగు ఆయనే వేస్తారు, అద్దంలా మెరిపిస్తారు, ఆ ఓపిక మెచ్చుకోవాల్సిందే. కారు లోపలికి మాత్రం ఆయన వేళ్ళు దూరవు. రెండేళ్ళ కిందట, "నీ వేళ్ళు సన్నం, కాస్త ఈ మీటరులో ముల్లు గియ్యి," అన్నారు. గీశాను. అప్పట్నుంచి ప్రతి కారు లోపలా నాదే అయింది. సీట్ల మీద కుట్లు సూది మొనతో పెడతాను. పాత రిబ్బను చీల్చి సీటు బెల్టులు చేస్తాను. పెడళ్ళ మీద పెన్సిలు పొడి రాస్తే కాళ్ళు ఆని ఆని అరిగినట్టు కనిపిస్తాయి. అది నాకెవరూ నేర్పలేదు, మా వంటింటి గడప చూసి తెలుసుకున్నాను.

అత్తయ్య రోజూ పదకొండింటికి ఫోన్ చేస్తారు. ఆయన కార్లు చేస్తే "వాడికి చిన్నప్పట్నుంచీ చెయ్యి తిరిగిన పని" అంటారు. నేను కుంచె పట్టుకున్నానంటే, "పిల్లని పక్కన పడేసి నీకేంటమ్మా ఆ ఆటలు?" అంటారు. ఒకే బల్ల, ఒకే కుంచె, ఒకే కారు. కారు తలుపుకి బయట పనితనం, లోపల ఆట.

భిన్నాలు నాకు చదువుకునే రోజుల్లోనే బాగా వచ్చేవి. ఇరవై నాలుగుతో భాగించడం ఒక జబ్బులా పట్టుకుంది నాకు. పాలు కాగేదాకా నిలబడి భాగిస్తాను. నా ఎత్తు నూట యాభై రెండు సెంటీమీటర్లు, అంటే అక్కడ ఆరుంబావు. మా ఆయన ఏడున్నర. పాప సరిగ్గా మూడు. మా గది పొడవు పన్నెండున్నర, పాలపొడి డబ్బా అంత. అత్తయ్య గొంతుని కూడా భాగించి చూశాను, చీమ దగ్గినట్టు వినిపించి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఒకరోజు రోజునే భాగించాను. ఇరవై నాలుగు గంటల్లో ఇరవై నాలుగో వంతు అంటే ఒక గంట. పాప మధ్యాహ్నం ఒంటిగంటకి పడుకుని రెండింటికి లేస్తుంది. ఆ గంటే నాది. నేనూ ఆ కొలతలోనే బతుకుతున్నానని అప్పుడు తెలిసింది.

ఆ గంటలో కిటికీలోంచి ఎండ బల్ల మీదకి పాలలా ఒలుకుతుంది. పాప ఊపిరి వినిపిస్తూ ఉంటుంది. వినిపించకపోతే లేచి వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసొస్తాను, గంటలో అయిదారుసార్లు. మళ్ళీ వచ్చి కుంచె పట్టుకుంటే మెల్లగా గది పెద్దదవుతుంది, నేను చిన్నదాన్నవుతాను. ఆరుంబావు సెంటీమీటర్ల మనిషినై ఆ బుల్లి తలుపు తీసుకుని లోపల కూర్చుంటాను. కొత్త రంగు వాసన. స్టీరింగు చల్లగా ఉంటుంది. నాకు కారు నడపడం రాదు, ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు. కానీ అక్కడ వస్తుంది. బల్ల అంచుదాకా ఒక రోడ్డు ఉంటుంది, దాని మీద దుమ్ము బంగారంలా లేస్తుంది. ఎక్కడికి వెళ్తున్నానో తెలియదు. ఎవరూ ఫోన్ చెయ్యరు. వెనక సీట్లో పాప పడుకుని ఉంటుంది, కాబట్టి నేను ఎవర్నీ వదిలేసి వెళ్ళడం లేదు, ఊరికే వెళ్తున్నాను, అంతే. కాళ్ళు మాత్రం పెడళ్ళకి అందవు.

ఒక మధ్యాహ్నం డ్రైవరు సీటు అతికించేటప్పుడు, అతికించాల్సిన గుర్తు కంటే మూడు మిల్లీమీటర్లు ముందుకి జరిపాను. లెక్క ప్రకారం అసలు కారులో ఏడు సెంటీమీటర్లు. నా కాళ్ళు అందాయి.

ఈ కారుని మా ఆయన మోడల్స్ పోటీకి పెడుతున్నారు, దానికి రెండు రోజుల ముందు అద్దం పోయింది. డ్రైవరు తల పైన ఉండే అద్దం, పెట్టె మొత్తానికి ఒక్కటే, పాప చిటికెన వేలి గోరంత ఉంటుంది. పట్టకారుతో తీసి బల్ల మీద పెట్టాను, పాప లేచింది, ఎత్తుకొచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. చూస్తే అద్దం లేదు. పాప దవడలు ఆడిస్తోంది. నోట్లో వేలు పెట్టి వెతికాను, పాప కొరికింది, ఏడ్చింది. గౌను విప్పి దులిపాను. చెత్తబుట్ట బోర్లించాను. మా ఆయనకి ఫోన్ చేశాను.

"అద్దం కనిపించట్లేదండీ, పాప మింగిందేమో..."

"అద్దమా? ఒక్కటే కదే ఉంది! ఎల్లుండే పోటీ!" అన్నారు. ఆ తర్వాత, "పాప బాగానే ఉందిగా?" అన్నారు.

పిల్లల డాక్టరు మాత్రం ఫోన్లోనే నా భయం వినిపించుకుని, అంత చిన్నదైతే దానంతటదే బయటికొస్తుంది, ఊపిరి బాగానే తీసుకుంటోందిగా, రెండు రోజులు కనిపెట్టి చూడండి, దగ్గినా వాంతి చేసుకున్నా వెంటనే తీసుకురండి అన్నారు. ఆ సాయంత్రమంతా పాప ఎదురుగా కూర్చుని దాని ఊపిరి లెక్కపెట్టాను. అది నవ్వినప్పుడల్లా ఇంకా భయమేసింది.

మర్నాడు పొద్దున స్నానాల గదిలో జడ వేసుకుంటుంటే గోడ అద్దంలో ఏదో మెరిసింది. చెయ్యి తిప్పి చూశాను. నా మోచేతి వెనక, ఎండిన గమ్ముతో అతుక్కుని, బుల్లి అద్దం. నిన్నట్నుంచీ దాన్ని నేనే మోస్తూ ఊరంతా వెతికాను. నేల మీద కూలబడి ఎంతసేపు ఏడ్చానో తెలియదు. పాప పాక్కుంటూ వచ్చి తనూ నాతో పాటు రాగం తీసింది.

మధ్యాహ్నం నా గంట రాగానే అద్దం అతికించాను. పెట్టెలో ఇచ్చిన బొమ్మ ప్రకారం అది వెనక రోడ్డుని చూడాలి. నా వేళ్ళు దాన్ని కిందికి వంచాయి. ఆరుంబావు మనిషి కూర్చుంటే ఆ కళ్ళకి వెనక సీటు కనిపించేలా. ఆ సీట్లో ఎవరూ లేరు. అయినా కనిపించాలి.

ఆదివారం పొద్దున మా ఆయన బయట మెరుపే చూసుకుంటూ పై భాగం బిగించారు. ముగ్గురం వెళ్ళాం. హాలు నిండా బల్లలు, బల్లల నిండా కార్లు, ఒక్కో కారు ముందూ ఒక కార్డు. మా కార్డు మీద 'తయారీ' అన్న చోట మా ఆయన పేరు. న్యాయనిర్ణేత ఒక పెద్దాయన. డ్రైవింగు స్కూలు నడుపుతారట, ముప్పై ఏళ్ళుగా కొత్తవాళ్ళ పక్కన కూర్చుని కూర్చుని, నిలబడి ఉన్నా కుడి పాదం నేలకేసి నొక్కుతుంటారు. చిన్న టార్చి వేసి మా కారు కిటికీలోంచి చాలాసేపు చూశారు.

"లోపలి పని ఎవరిదండీ?"

"నాదేనండీ," అన్నారు మా ఆయన. "ఆరు నెలలు పట్టింది."

నా ఆరు నెలల గంటలు. పాప నా చంకలో బరువుగా కదిలింది.

"చాలా బాగుంది. కానీ రెండు సీట్లూ సమానంగా లేవే. డ్రైవరుది ముందుకుంది."

మా ఆయన ఒంగి చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. "అదా... అక్కడ మా ఆవిడ కాస్త చెయ్యి పెట్టిందండీ. చంటిపిల్లతో కదా, అటూ ఇటూ అయి ఉంటుంది."

"ఇంటావిడ చేతికి తాళాలిస్తే అంతే గురూ!" అన్నాడు పక్క బల్లాయన. చుట్టూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు, ఊపిరి పీల్చుకుని.

పెద్దాయన నవ్వలేదు. మళ్ళీ టార్చి వేశారు. "అద్దం కూడా రోడ్డుని చూడట్లేదు. వెనక సీటుని చూస్తోంది. చంటిపిల్లల తల్లులు నా దగ్గర నేర్చుకోవడానికొచ్చి సరిగ్గా ఇలాగే వంచుకుంటారు, నేను తిడుతూ ఉంటాను. సీటు ఇంత ముందుకి లాక్కున్నారంటే అయిదడుగుల మనిషి." నడుం నిఠారు చేసుకున్నారు. "ఇక్కడున్న కార్లన్నీ ఆగి ఉన్నాయి. దీన్నొక్కదాన్నే ఎవరో నడుపుతున్నారు. ఎవరండీ?"

మా ఆయన నా వైపు చూశారు. నాకు లైసెన్సు లేదు, పదో తరగతి సర్టిఫికెట్టు లేదు, ఇంతమందిలో మాట్లాడిన అలవాటు లేదు. కార్డు వైపు చూశాను. ఆయన పేరు పక్కన ఖాళీ ఉంది. అలవాటు కొద్దీ కొలిచాను, అయిదు సెంటీమీటర్లు. నా పేరు పడుతుంది. భాగించకుండానే పడుతుంది.

"పాపని కాస్త పట్టుకోండి," అన్నాను.

పాపని ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియనట్టు గుండెకి దూరంగా పట్టుకున్నారు. నేను పెద్దాయన జేబులో పెన్ను అడిగి తీసుకున్నాను.

"ఎంతసేపు?" అన్నారు మా ఆయన గొంతు తగ్గించి.

బల్ల ముందున్న కుర్చీ ముందుకి లాక్కుని, కూర్చుని, కాళ్ళు నేలకి ఆనాయో లేదో చూసుకున్నాను.

"కాస్తేనండీ," అన్నాను.