ముందు నిలబడే మనిషి

మూడో నంబరు మంచం మీది మాసిన దుప్పటిని లోపలికి మడుస్తూ చుట్టి బుట్టలో వేసింది ఆరోగ్యమేరి. రబ్బరు షీటును లోషను గుడ్డతో రెండుసార్లు తుడిచింది. ఉతికిన దుప్పటి పరిచి, నాలుగు మూలలూ పరుపు కిందికి దోపి, అరచేత్తో నిమిరింది. ఆ మంచం మీది ముసలాయన నిన్న నయమై, తన కాళ్ళతో తాను నడిచి ఇంటికి వెళ్ళాడు. అయినా ఆమె దుప్పటి మీద చెయ్యి ఉంచి, పెదవులు కదపకుండా ప్రార్థన చేసుకుంది. ఎవరు ఎప్పుడు ఏమవుతారో ఎవరికి తెలుసు.

వాషర్‌మెన్‌పేట్‌లోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె ఆయాగా చేరి పందొమ్మిదేళ్ళు. యాభై దాటిన పొట్టి మనిషి. లోషను నీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు తెల్లగా, ముడతలుగా ఉంటాయి. సాయంత్రమయ్యేసరికి చీలమండలు ఉబ్బుతాయి. ఊడవడం, తుడవడం, మలం కుండలు ఎత్తడం, కదల్లేనివాళ్ళను పక్కకు తిప్పి వీపు తుడవడం ఆమె పని. కాగితంలో రాసి ఉన్నది అంతే.

రాసి లేని పని ఇంకొకటి ఉంది. లోపల ఎవరైనా చనిపోతే, ఆ మాట చెప్పడానికి డాక్టరు బయటికి వచ్చేటప్పుడు ఆరోగ్యమేరి ముందు నడవాలి. ఎప్పుడో ఒకసారి ఇంటివాళ్ళు కోపంతో డ్యూటీ డాక్టరును కొట్టబోతే ఆమె అడ్డం వెళ్ళింది. అమ్మ వయసు మనిషి మీద ఎవరూ చెయ్యెత్తలేదు. ఆనాటి నుంచి అది ఆమె పనైపోయింది. బయటికి రాగానే ఆ గుంపులో పెద్ద ఆడమనిషి ఎవరో చూస్తుంది. వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకుంటుంది. అందరికంటే ఎక్కువ ఊగిపోతున్న మగవాడి చేతికి నీళ్ళ గ్లాసు ఇప్పిస్తుంది. నిండు గ్లాసు చేతిలో ఉన్నవాడు వెంటనే చెయ్యెత్తడు. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. మేరక్క ఒక్కతీ నలుగురు వాచ్‌మెన్ల పెట్టు అని నర్సులు నవ్వేవారు. జీతం మాత్రం ఒక్కదాని జీతమే గదా అని ఆమె కూడా నవ్వేది.

హార్బరులో మూటలు మోసే భర్త చిన్నతంబి పెద్దాసుపత్రిలో పోయినప్పుడు ఎవరూ ఆమె చేతులు పట్టుకోలేదు. తలుపు సందులోంచి ఒకతను పేరు చదివి, శవాన్ని ఎవరు తీసుకుంటారని అడిగాడు. మూడేళ్ళ పిల్ల చంకలో ఉండగానే ఆమె సిమెంటు నేల మీద కూలబడిపోయింది.

ఆ పిల్ల జనని ఇప్పుడు ఇదే ఆసుపత్రిలో, పై అంతస్తులో, ఐసీయూ నర్సు. చేరి అయిదు నెలలు. ఇంకా పర్మనెంటు కాలేదు.

మూడు వారాల కిందట ఒక ఆదివారం ఆరోగ్యమేరి తొండియార్‌పేటలో చర్చిలో ఉంది. అదే సమయానికి ఐసీయూలో ఒకాయన చనిపోయాడు. ముందు నిలబడే మనిషి లేదు. డాక్టరు రాకముందే జననిని చుట్టుముట్టారు. చనిపోయినాయన తమ్ముడు ఆమె జుట్టు పట్టుకుని తలను అద్దం తలుపుకు కొట్టాడు. మర్నాడు ఆఫీసులో జనని చేతనే, నేను మర్యాదగా మాట్లాడలేదు, క్షమించండి అని రాయించారు. ఇంచార్జి సిస్టరు పరిమళ, గొడవ పెద్దదైతే పర్మనెంటు చెయ్యరమ్మా అంది. ఆరోగ్యమేరి కూడా పెట్టెయ్ తల్లీ సంతకం అంది.

అప్పటి నుంచి పిల్ల పిల్లలా లేదు. అన్నం కెలికి లేచిపోతుంది. పక్కింట్లో కుక్కరు కూస్తే ఉలిక్కిపడి, ఏదో యంత్రం ఆపడానికన్నట్టు చెయ్యి చాస్తుంది. ఏందమ్మా అని అడిగితే తమిళంలో ఒణ్ణుమిల్ల మా అంటుంది, ఏమీ లేదమ్మా అని. ఆరోగ్యమేరి ఫినాయిలు సీసా తీసుకుపోయి పక్కింటి వరదలక్ష్మి దగ్గర దాచింది.

తొమ్మిది గంటలకు పరిమళ ఆయాలనూ నర్సులనూ పిలిచి ఫారాలు పంచింది. మనసు బాగోగులు చూసే మేడం మైలాపూరు నుంచి వచ్చిందట. నిద్ర పడుతుందా, భయం వేస్తుందా, ఎవరైనా కొట్టారా తిట్టారా, ఆమెతో మాట్లాడాలని ఉందా అని అందులో ప్రశ్నలు. పేరు రాయక్కర్లేదు, మూలన స్టాఫు నంబరు వేస్తే చాలు. నిండిన ఫారాలన్నీ మేరక్క పోగు చేసి, కవరుకు గోందు అంటించి, నేరుగా మేడంకు ఇవ్వాలని చెప్పింది పరిమళ. మేరక్క చేతిలో పెడితే భయం లేదని అందరూ ఒప్పుకున్నారు. మిగిలిన ఖాళీ ఫారాలు కూడా ఆమె చేతికే వచ్చాయి.

దుప్పట్ల గదిలో గోందు సీసా మూత తీసింది గాని, కవరు అంటించలేదు. తలుపు గొళ్ళెం పెట్టింది. కార్పొరేషన్ బడిలో ఎనిమిదో క్లాసు దాకా తెలుగు చదివిన మనిషి. తమిళం బస్సు బోర్డుల మీద నేర్చుకుంది. కూతురి నంబరు వెతికి, ఆ తమిళ కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది.

నిద్ర లేదు దగ్గర టిక్కు. భయం దగ్గర టిక్కు. మాట్లాడాలి దగ్గర రెండుసార్లు దిద్దిన టిక్కు. కింద జనని చేతిరాత. మానిటరు మోత ఇంట్లో కూడా వినపడుతోంది, రేపు రాగలనో లేదో తెలియదు, దయచేసి నన్ను పిలవండి.

ఆమెకు మోహన్‌రాజ్ గుర్తొచ్చాడు. స్ట్రెచర్లు తోసేవాడు. కరోనా నాళ్ళలో శవాలు మోసి మోసి, నాకు కళ్ళు మూస్తే మూటలే కనిపిస్తున్నాయి సార్ అని ఆఫీసులో చెప్పుకున్నాడు. వారం తిరక్కుండా, నీకు బుర్ర సరిగా లేదు, రోగుల దగ్గర ఎలా ఉంచుతామని పంపించేశారు. ఆ మాట బయటికి పాకి, వేరే ఆసుపత్రి కూడా తీసుకోలేదు. ఆడపిల్లకు ఆ పేరు పడితే? ఉద్యోగం పోతుంది. పెళ్ళి మాట ఎవరు ఎత్తుతారు? అప్పుడు పిల్ల ఏం చేసుకుంటుందో.

ఖాళీ ఫారం ఒకటి తీసింది. మూలన కూతురి నంబరు వేసింది. అన్ని గళ్ళలోనూ లేదు, లేదు, లేదు అని టిక్కులు పెట్టింది. అసలు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, కాల్చడానికి పోయే పసుపు సంచిలో దూదికింద తోసింది. తర్వాత కొత్త ఫారాన్ని మిగతావాటితో కలిపి కవరులో పెట్టింది. తన ఫారం ఏమీ రాయకుండానే అందులో పెట్టి, గోందు అంటించి మేడంకు ఇచ్చి వచ్చింది.

మధ్యాహ్నం ఆ మేడం ఐసీయూ బయట నిలబడి నంబర్లు మెల్లగా పిలిచింది. ఆరుగురు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి వచ్చారు. ఒకమ్మాయి ముక్కు తుడుచుకుంటూ, కానీ తేలికపడ్డ మొహంతో వచ్చింది. జనని మందుల ట్రే పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆరో మనిషి వచ్చాక కూడా కాసేపు అక్కడే ఉంది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. తుడుపు కర్ర పట్టుకుని ఆరోగ్యమేరి అదంతా చూసింది.

టీ తీసుకెళ్తే ఆ మేడం ఆమెను కూర్చోమంది. పేరు నివేదిత. సన్నని మనిషి, చేతులకు గాజులు లేవు. ఈమె మాట వినగానే మీది తెలుగా అమ్మా అని తనూ తెలుగులోకి వచ్చేసింది.

"ఒక ఫారం ఖాళీగా ఉంది. మీదేనా?"

"నాకేముందమ్మా రాసేదానికి. ఆయాను."

"ఆయాలకు నిద్ర పడుతుందా?"

ఆరోగ్యమేరి నవ్వబోయి ఆగిపోయింది. ఈ ప్రశ్న ఆమెను పందొమ్మిదేళ్ళలో ఎవరూ అడగలేదు.

"ఎవురన్నా పోతే నేనే ముందర నిల్చుకునేది. వాళ్ళ చేతులు పట్టుకుంటా. ఇంటికి పోయినాక అన్నం పిసికేటప్పుడు ఆ చేతులన్నీ ఈడే ఉండాయి, పోలా," అని తన అరచేతులు చూపించింది. వెంటనే సిగ్గుపడి వాటిని చీర కొంగులో దాచుకుంది. "నన్ను వదిలెయ్యమ్మా. రాసినోళ్ళని ఆఫీసోళ్ళు ఏం జేస్తారు?"

నివేదిత, పేర్లు ఆఫీసుకు వెళ్ళవని చెప్పింది. ఫారాలు తన దగ్గరే ఉంటాయట. అడిగినవాళ్ళకు రెండు వారాల సెలవు, కావాలంటే వేరే వార్డు, ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాకూడదని ఆఫీసువాళ్ళ చేత ముందే సంతకం పెట్టించుకునే వచ్చిందట. "ఎక్కువ బాధలో ఉన్నవాళ్ళే రాయరమ్మా. మా భయం వాళ్ళ గురించే," అంది.

ఆరోగ్యమేరి కుర్చీ ముందుకు లాక్కుంది.

"అమ్మా, నా బిడ్డ ఈడ పైన..."

తలుపు తోసుకుని పరిమళ వచ్చింది. అయిదో మంచం మనిషి పోయాడు, డాక్టరు బయటికి రావాలి, గుంపు పెద్దదిగా ఉంది, రా మేరక్కా అంది. ఆరోగ్యమేరి లేచింది. వచ్చి చెప్తానమ్మా, ఉండు అని నివేదితకు చెప్పింది.

ఐసీయూ అద్దం తలుపు వెనక జనని డాక్టరు పక్కన నిలబడి ఉంది. ఆ మంచం చూసుకునేది ఆమే. మొహంలో రక్తం లేదు.

"నువ్వు నా ఎనకమాల నిల్చుకో," అంది తల్లి.

"అందుర్నీ పిలిచినారు మా. నన్ను పిలవలే."

చెప్పడానికి అదొక్కటే సమయం. డాక్టరు తలుపు మీద చెయ్యి వేశాడు.

"రేపు పిలస్తారులే," అంది ఆరోగ్యమేరి.

జనని ఆమె వంక చూసింది. కోపంగా కాదు. మాట అర్థం కానట్టు చూసింది, అంతే.

బయట పెద్ద ఆడమనిషి చనిపోయినాయన భార్యే. ఆరోగ్యమేరి ఆమె చేతులు పట్టుకుంది. కొడుకు చేతికి నీళ్ళ గ్లాసు అందింది. డాక్టరు చెప్పాల్సింది చెప్పాడు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. కానీ ఆ భార్య ఈమె చేతులు వదల్లేదు. గోళ్ళు దిగేలా పట్టుకుని, మళ్ళీ లోపలికి పోయి చూడమ్మా, ఒక్కసారి చూడమ్మా అంటూనే ఉంది. విడిపించుకోవడం ఆరోగ్యమేరికి రాదు. ఎప్పుడూ విడిపించుకోలేదు. అలా గంట సేపు నేల మీద కూర్చుండిపోయింది. ఆ గంటలోనే పొద్దుటి డ్యూటీ ముగిసి, జనని వెళ్ళిపోయింది. నివేదిత ఉన్న గదికి తాళం పడింది. మళ్ళీ వచ్చే నెల వస్తారని చెప్పారు. కూతురికి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది, ఆ తర్వాత మోగడం కూడా మానేసింది. ముందే ఇంటికి పోతానని అడిగితే, ఇంకో ఆయా రాలేదు, ఏడు దాకా ఉండాలన్నారు. ఆమె ఉంది.

తొండియార్‌పేట ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆరోగ్యమేరి లోపలికి వెళ్ళి లైటు వేసి మొట్టమొదట ఫ్యాను వైపు చూసింది. ఫ్యాను ఖాళీగా ఉంది. బాత్రూము చూసింది. అప్పుడు ఊపిరి వదిలి గోడకు ఆనుకుంది. కొక్కేనికి వేలాడే కూతురి నల్ల సంచి లేదు. బీరువాలో బట్టలు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి.

వరదలక్ష్మి గడప దగ్గరికి వచ్చింది. "నాలుగు గంటలప్పుడే పోయింది మేరమ్మా. కొరుక్కుపేటలో రైలెక్కి సూళ్ళూరుపేటకంట, ఆడ దాంతో సదివిన పిల్ల ఉండాదంట గదా. ఆస్పత్రికి ఇంక పోనని చెప్పమనింది."

"ఇంకేం చెప్పలేదా?"

వరదలక్ష్మి చీర చెంగు సర్దుకుంది. "అడిగినాను, ఎవురూ పిలవలేదని చెప్పమనింది. నీకు తెలుస్తాదంట."

ఆరోగ్యమేరి తల ఊపింది. వరదలక్ష్మి వచ్చి ఆమె చేతులు పట్టుకోబోతే, వద్దన్నట్టు వాటిని వెనక్కి తీసుకుని, గాలి కోసం వెనక వసారాలోకి నడిచింది.

పిట్టగోడ మీద జనని డ్యూటీ బూట్లు ఆరబెట్టి ఉన్నాయి. వెళ్ళేముందు బ్రష్షుతో రుద్ది, తెల్ల పాలిషు పూసి, లేసులు విడిగా ఉతికి తీగకు వేసిపెట్టింది. వాటి చివర్లు ఇంకా తడిగానే ఉన్నాయి.