ఎర్రమొహం సేనాపతి

తను చెక్కుతున్న బొమ్మ మంచివాడిదో చెడ్డవాడిదో తెలియకుండా ఉలి పట్టడం తిరుపతిరావుకి బుద్ధెరిగాక అదే మొదటిసారి. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళకి ఆ ఇబ్బంది ఉండదు. రాముడెవరో రావణుడెవరో చేసేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. అంబారీ ఏనుగు గుణగణాల గురించి ఎవరూ తగువులాడుకోరు. ఇప్పుడొచ్చి పడ్డ ఈ చైనా సేనాపతి మాత్రం ఏ వరసలోనూ ఇమిడేలా లేడు. మొహం ఎర్రగా ఉండాలట. గడ్డం పొట్ట దాకా వేలాడాలట. ఆకుపచ్చ అంగీ, చేతిలో మనిషికంటే పొడవైన కత్తి. కొండపల్లి లెక్కలో ఎర్రమొహమూ అంత కత్తీ ఉన్నవాడు రాక్షసుడే. ఆర్డరిచ్చిన డాక్టరమ్మేమో ఆయనకి పొద్దున్నే అగరొత్తులు వెలిగించుకోవాలి అంది.

ఆ డాక్టరమ్మ పేరు డయానా. విజయవాడ గవర్నర్‌పేటలో పళ్ళ క్లినిక్. ఆవిడ తాత ఏనాడో చైనా నుంచి కలకత్తాకీ, కలకత్తా నుంచి బెజవాడకీ వచ్చి, జనానికి కట్టుడు పళ్ళు చేసిపెడుతూ ఇక్కడే ఉండిపోయాడు. మూడో తరానికి వచ్చేసరికి చైనా మొహంలో మిగిలింది గాని మాటలో మిగల్లేదు. ఆవకాయలో కారం చాలలేదని వంటమనిషితో పేచీ పెట్టుకునే మనిషి. బుడమేరు వాగు పొంగి వాళ్ళుండే సింగ్‌నగర్ మునిగినప్పుడు, తాత తెచ్చుకున్న మట్టి సేనాపతి వాళ్ళింట్లోనే నీళ్ళకి కరిగిపోయాడు. మిగిలింది ఒక్క పాత ఫొటో. అందులో ఎవరిదో పుట్టినరోజు కేకు చక్కగా కనబడుతుంది. వెనకాల అరలో సేనాపతి మసగ్గా కనబడతాడు. మొహం మీద కళ్ళున్నాయో లేవో దేవుడికే తెలియాలి.

ఈ పని తెచ్చినవాడు కృపానందం. హనుమాన్ జంక్షన్‌లో హైవే పక్కన పెద్ద బొమ్మల షోరూము కడుతున్నాడు, వెనకాలే పని షెడ్డు. దానికి పెద్దమేస్త్రీగా తిరుపతిరావు రావాలని అతని పట్టు. ఈ సేనాపతిని ఇంట్లోనే చెయ్యమన్నాడు. చెక్కడం దగ్గర్నుంచి కళ్ళు పెట్టడం దాకా అంతా మీరే చెయ్యండి, మా షెడ్డుకి వస్తే అక్కడా అంతే అన్నాడు. కళ్ళు అనే మాట దగ్గరే తిరుపతిరావు మెత్తబడిపోయాడు.

ఎందుకంటే అతను పనిచేసే జక్కయ్య కొట్లో ఒక ఆచారం ఉంది. కర్ర చెక్కేది ఎవరైనా కావచ్చు, రంగులు వేసేది ఎవరైనా కావచ్చు, కళ్ళు మాత్రం జక్కయ్యే పెట్టాలి. అన్నీ పూర్తయిన బొమ్మలు గుడ్డిగా వరసలో నిలబడి ఉంటే, ఆయన స్నానం చేసి వచ్చి, మేక వెంట్రుకల కుంచె పట్టుకుని ఒక్కొక్కదానికీ చూపు ఇస్తాడు. ఒకసారి తెరిచిన కన్ను మళ్ళీ చెరపకూడదు. అది ఆ కొట్లో శాసనం. తిరుపతిరావు మీసాలు రాని రోజుల్లో అక్కడ చేరాడు, ఇప్పుడు మీసాల్లో తెలుపు కూడా వచ్చింది. ఇన్నేళ్ళలో అమ్మకానికి పోయే బొమ్మ ఒక్కదానికీ కన్ను పెట్టిన పాపాన పోలేదు. ఈమధ్య జక్కయ్య చెయ్యి వణుకుతోంది. మొన్న చేసిన కృష్ణుడికి ఒక కన్ను గోపికని చూస్తే ఇంకో కన్ను గుమ్మం వైపు చూసింది. అయినా ముసలాయన కుంచె వదలడు. అడిగే ధైర్యం ఇతనికి లేదు, అడక్కుండా ఇచ్చే బుద్ధి ఆయనకి లేదు.

అలాగని కృపానందం ఎవరో దారినపోయే షావుకారా అంటే అదీ కాదు. తిరుపతిరావు కూతురు భానుశ్రీకి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు, రక్తం ఇచ్చేవాళ్ళని వెతికి తెచ్చి, పిల్ల లేచి కూర్చుని ఇడ్లీ తినేదాకా ఇంటి మొహం చూడని మనిషి. ఆ రోజుల్లోనే జక్కయ్య కూడా కొండపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చి ఆసుపత్రి వార్డు బయట బల్ల మీద కూర్చునేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు, ఏమీ చేసేవాడూ కాదు, ఊరికే కూర్చునేవాడు. ఆ ఇద్దరిలో ఎవరి రుణం పెద్దదంటే తిరుపతిరావు చెప్పలేడు. షోరూము తెరిచేలోపు వచ్చేదీ రానిదీ తేల్చమన్నాడు కృపానందం. తేల్చడం మాట అటుంచి, సంగతి జక్కయ్య చెవిన వెయ్యడానికే అతనికి నోరు పెగల్లేదు.

బొమ్మలకి వాడే తేలికపాటి పొణికి కర్ర తెచ్చి ఇంటి వెనక రేకుల కింద పని మొదలుపెట్టాడు. మొదలుపెట్టగానే అనుమానం వచ్చింది. ఈయన మనిషైతే కళ్ళు తను పెట్టినా తప్పు లేదు. దేవుడైతే గురువుకి తెలియకుండా పెట్టడం మహాపచారం. డయానాకి ఫోన్ చేసి అడిగాడు.

"పుట్టినప్పుడు మనిషేనండి," అందావిడ. "పోయాక దేవుడయ్యాడు."

ఏమన్నా తెలిసిందా అంటే ఏమీ తెలియలేదు. ఇంకాస్త చెప్పమన్నాడు. క్లినిక్కులో పేషెంట్లు లేనప్పుడల్లా ఆవిడ కాస్త కాస్త చెబుతూ వచ్చింది. ఈయన పేరు గువాన్ యూ. పద్ధెనిమిది వందల ఏళ్ళ కిందటివాడు. అన్నగా భావించిన ఒక దొర కొలువులో ఉండేవాడు. ఒక యుద్ధంలో శత్రువుకి చిక్కాడు. ఆ శత్రువు ఈయన్ని చంపలేదు సరికదా, పెద్ద పదవి ఇచ్చి, కానుకలిచ్చి నెత్తిన పెట్టుకున్నాడు. ఈయన ఆ ఉప్పు తిన్నందుకు అతని తరఫున యుద్ధం చేసి గెలిచి పెట్టాడు. అన్న ఫలానా చోట ఉన్నాడని తెలియగానే, ఇచ్చిన కానుకలన్నీ మూటగట్టి అక్కడే వదిలి, చెప్పి మరీ వెళ్ళిపోయాడు.

అది విన్న రోజు తిరుపతిరావు గుండె తేలికపడింది. పాత దొరే దొర అన్నమాట. జక్కయ్యని వదిలేది లేదు, కృపానందానికి దణ్ణం పెట్టి చెప్పేస్తే సరి. ఆ ఉత్సాహంలో సేనాపతి భుజాలు విశాలంగా చెక్కాడు, గడ్డాన్ని పాయలు పాయలుగా దించాడు.

రెండ్రోజులకి ఆవిడ ఇంకో కథ చెప్పింది. చరిత్రో కట్టుకథో తనకి తెలియదట, తాత చెప్పేవాడట. చాలా ఏళ్ళ తర్వాత అదే శత్రువు ఓడిపోయి పారిపోతూ ఒక ఇరుకు దారిలో ఈయనకే దొరికాడు. పట్టి తెమ్మని అన్న పక్షంవాళ్ళ ఆజ్ఞ. తేకపోతే తల తీయించుకుంటానని ఈయన మాటిచ్చి మరీ వచ్చాడు. తీరా ఎదురుపడ్డాక, ఆనాడు తనకి చేసిన ఉపకారం గుర్తొచ్చి పక్కకి తప్పుకుని దారి వదిలేశాడు.

తిరుపతిరావు చేతిలో ఆకురాయి ఆగిపోయింది. మరి అన్నకిచ్చిన మాట ఏమైనట్టు? అది ద్రోహం కాదా? తాత అదే గొప్ప అనేవాడని చెప్పిందావిడ. అందుకే ఆయన్ని హాంకాంగ్ పోలీసులూ పూజిస్తారట, అక్కడి దొంగల ముఠాలూ పూజిస్తాయట, కొట్లలో వ్యాపారులూ పూజిస్తారట. ఎవరికి నచ్చినంత వాళ్ళు తీసుకున్నట్టున్నారు. చివరికి ఇంకో శత్రువు ఆయన తల నరికితే, తల ఒక చోట, మొండెం ఒక చోట సమాధి చేశారట. రెండు చోట్లా గుళ్ళు ఉన్నాయని చెప్పి ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఇక తిరుపతిరావు తల బొప్పి కట్టింది. అన్నం తింటూ ఆలోచించాడు, కొట్లో జక్కయ్య పక్కన కూర్చుని ఏనుగులకి అంబారీలు అతికిస్తూ ఆలోచించాడు. వెళ్ళాలంటే వెళ్ళడానికీ, ఉండాలంటే ఉండడానికీ సేనాపతి సాక్ష్యం చెబుతున్నాడు. ఇలాంటివాణ్ణి పట్టుకుని జనం అన్ని వందల ఏళ్ళుగా ఎలా మొక్కుతున్నారో అతనికి అంతుపట్టలేదు. చింతగింజల ముద్దతో తలని మొండేనికి అతికిస్తూ, ఇప్పుడైనా ఒక్కచోట ఉండవయ్యా అని విసుక్కున్నాడు.

సుద్ద పూత ఆరాక మొహానికి ఎరుపు వేశాడు, అంగీకి ఆకుపచ్చ వేశాడు. మిగిలింది కళ్ళు. స్నానం చేసి వచ్చాడు. కుంచె పట్టుకున్నాక మాత్రం అన్నలూ శత్రువులూ అందరూ మరుపున పడ్డారు. కొండపల్లి కళ్ళు పెట్టాడు. చెంపల దాకా సాగిన పెద్ద కళ్ళు, నిండుగా తెరిచిన కళ్ళు, జక్కయ్య మంచి రోజుల్లో పెట్టినటువంటి కళ్ళు. పెట్టడం అయ్యాక అతనికి ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది.

ఆదివారం పొద్దున డయానా కారులో వచ్చింది. గుడ్డ తియ్యగానే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. బాగా నచ్చిందనుకున్నాడు తిరుపతిరావు.

"కళ్ళు తెరిచారేంటండీ?" అంది.

ఆ మాట అతనికి అర్థం కాలేదు. బొమ్మ అన్నాక కళ్ళు తెరవకపోతే ఎలా? అప్పుడు చెప్పిందావిడ. వాళ్ళింట్లో ఉండే సేనాపతి కళ్ళు ఎప్పుడూ వాలి ఉండేవట, కింద సన్నటి గీతంత చూపు మాత్రం ఉండేదట. గువాన్ యూ పూర్తిగా కళ్ళు తెరిచాడంటే ఎవరినో చంపబోతున్నాడని అర్థమట. నిండుగా తెరిచినవాణ్ణి ఇంట్లో పెట్టుకుంటే ఇంటికే అరిష్టమని తాత పదే పదే చెప్పేవాడట. ఇంత ముఖ్యమైన సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, కళ్ళు వాలి ఉండడం తనకి పుట్టినప్పట్నుంచీ మామూలే కాబట్టి చెప్పాలని తట్టలేదంది. చెరిపేసి మళ్ళీ పెట్టమని బతిమాలింది.

తెరిచిన కన్ను చెరపకూడదని అతను చెప్పాడు. పోనీ వేరే తల చేసి అతికించమంది. ఆ మాట అన్నాక ఆవిడే నాలుక్కరుచుకుంది. ఆయనకి ఒకసారి తల తీసింది చాలు. ఇద్దరూ ఆ బొమ్మ చుట్టూ తోచక నిలబడ్డారు. కొండపల్లి మొత్తంలో ఈ చిక్కు విప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయనకి తెలియకూడదనే కదా ఇంత దొంగతనం చేసింది. చివరికి తిరుపతిరావు సేనాపతిని తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకున్నాడు. డయానా వెంట నడిచింది.

జక్కయ్య కొట్లో ఒక్కడే ఉన్నాడు. తిరుపతిరావు బొమ్మని ముందు పెట్టి జరిగిందంతా చెప్పేశాడు, హనుమాన్ జంక్షన్ సంగతితో సహా. చెంపదెబ్బకైనా సిద్ధపడే చెప్పాడు. జక్కయ్య కళ్ళజోడు పెట్టుకుని, బొమ్మని గుమ్మం వెలుగులోకి పట్టుకెళ్ళి చాలాసేపు చూశాడు.

"రెండూ సమంగా ఉన్నాయిరా," అన్నాడు.

తర్వాత చెప్పాడు. కృపానందం మొదట వచ్చింది ఈ కొట్టుకేనట. మీ మనిషిని ఇస్తారా అని నెల కిందటే తనని అడిగాడట. "నేనే చెప్పా, ముందు వాడి చేత కళ్ళు పెట్టించు, నా ఎదురుగా అయితే వాడు పెట్టడు అని. ఈ పని నీ దాకా రానిచ్చింది నేనే."

"నువ్వే ఇవ్వచ్చుగా బాబాయ్ ఆ కుంచె," అన్నాడు తిరుపతిరావు.

"ఇచ్చేస్తే నాకేం మిగుల్తుందిరా?" అన్నాడు జక్కయ్య. దాచుకోకుండా అన్నాడు. "అదొక్కటే కదా నేను చేసేది."

డయానా అటు తిరిగి నిలబడింది. జక్కయ్య ఆవిణ్ణి పిలిచి, ఆ కళ్ళు ఎంత వరకు వాలాలో వేలితో చూపించమన్నాడు. చూసి తలాడించాడు. చెరపక్కర్లేదన్నాడు. కన్ను అలాగే ఉంచి పైనుంచి రెప్ప దించితే చాలు, లోపల చూపు లోపలే ఉంటుంది. ఎరుపు కలిపి, తన కుంచె ముంచి, సేనాపతి మొహం దగ్గరికి తెచ్చాడు. చెయ్యి వణికింది. మణికట్టుని రెండో చేత్తో పట్టుకున్నాడు. అదీ వణికింది. కుంచె తిప్పి, పిడి వైపు తిరుపతిరావుకి చాపాడు.

జీవితమంతా కావాలనుకున్నది చేతికొస్తే తిరుపతిరావుకి తీసుకోబుద్ధి కాలేదు. "నేను ఎక్కడికీ పోను బాబాయ్," అన్నాడు. "ఈయన కూడా ఎన్ని ఇచ్చినా అన్నీ వదిలేసి పాత దొర దగ్గరికే పోయాడంట."

జక్కయ్య డయానా వైపు తిరిగాడు.

"మరి అన్నీ ఇచ్చినాయన, ఈయన వెళ్ళిపోతుంటే ఏం చేశాడమ్మా?"

"సైనికులు వెంటపడి పట్టుకొస్తామన్నారంటండి," అంది డయానా. "వద్దన్నాడంట. ఎవరి దొర వాళ్ళకుంటాడు, పోనివ్వండి అన్నాడంట."



"అయితే గుడి ఆ పోనిచ్చినాయనకి కట్టాల్సింది," అన్నాడు జక్కయ్య. తర్వాత కుంచె తిరుపతిరావు చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. "కానియ్యి, రంగు ఆరిపోతోంది. రేపట్నించి ఇక్కడికి రాకు."

తిరుపతిరావు సేనాపతి ముందు కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ తను సేనాపతి, ముసలాయన అన్న, కృపానందం శత్రువు అని లెక్క కట్టుకున్నాడు. ఇప్పుడు ఎవరు ఎవరో అంతా కలగాపులగమైపోయింది. వెనకాల జక్కయ్య గోడకి ఆనుకుని కూర్చోవడం, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకోవడం తెలుస్తూనే ఉంది. కుంచె ఎత్తాడు గాని, కళ్ళలో నీళ్ళు అడ్డం వచ్చి, ఆ రెప్ప ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి చాలాసేపు కనబడలేదు.