పెద్దోడి జరిమానా

అద్దాల వ్యాపారంలో మొదట నేర్వాల్సింది కొయ్యడం కాదు, తియ్యడం. షీట్లు స్టాండుకు రెండు వైపులా ఆనించి ఉంటాయి. ఇటొకటి తీస్తే అటొకటి తియ్యాలి. ఒకవైపే తీసుకుంటూ పోతే బరువంతా రెండోవైపుకు ఒరిగి స్టాండు బోర్లా పడుతుంది. కొట్టు యజమాని ఈ సంగతి కొడుకులిద్దరికీ ఊహ తెలిసిన నాటి నుంచీ నూరిపోస్తూనే వచ్చాడు. అయినా పోయిన వానాకాలంలో పెద్దోడు తొందరపడి ఒకవైపే తీశాడు. రెండోవైపు చిన్నోడు నేల ఊడుస్తున్నాడు.

ఆ తరువాత తండ్రి పెద్దోణ్ణి ఒక్క మాట అనలేదు. తిట్టలేదు, కొట్టలేదు, ఓదార్చనూ లేదు. స్టాండు దగ్గరకు మాత్రం రానివ్వలేదు. వాడు తెల్లారకముందే లేచి చర్చికి పోవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు సెమినరీలో చేరతాను, ఫాదర్‌నవుతానంటున్నాడు.

తల్లి ఒప్పుకుంది. తండ్రికి మింగుడు పడలేదు. తన తరువాత కొట్టు ఎవరు చూస్తారన్న బెంగ ఉన్న మాట నిజమే. కానీ అసలు ముల్లు అది కాదు. ఇష్టపడి కొనేవాడి మొహం వేరు, పగలగొట్టి పరిహారం కట్టేవాడి మొహం వేరు. పెద్దోడిది రెండో మొహం.

ఆదివారం సాయంత్రం సెమినరీ ఫాదర్ ఇంటికి వచ్చారు. కుర్రవాళ్ళను చేర్చుకునే ముందు కన్నవాళ్ళతో మాట్లాడి చూడడం ఆయన పని.

"మావాడు ఫాదరయితే ప్రసంగం తొందరగా అయిపోతుంది లెండి. నోరు విప్పితేగా" అంది తల్లి.

ఫాదర్ నవ్వారు. తండ్రీకొడుకులు నవ్వలేదు.

"నేనడిగేది ఒక్కటే. మీవాడు తన ఇష్టంతోనే వస్తున్నాడా?"

"తన ఇష్టమే ఫాదర్" అంది తల్లి.

ఆయన తండ్రి వైపు చూశారు. ఊ అంటే చాలు, వాడు వచ్చే నెలలో వెళ్ళిపోతాడు. ఇక ఈ ఇంట్లో చిన్నోడి ఊసు ఎవరూ ఎత్తక్కర్లేదు. ఇంత చవకైన బేరం అతనికి ఎప్పుడూ తగల్లేదు. అందుకే అనుమానం వచ్చింది.

"ఒరే, తమ్ముడుండుంటే వెళ్ళేవాడివా?"

"ఇప్పుడెందుకండీ ఆ మాట? దేవుడి దగ్గర కూడా బేరమేనా?" అంది భార్య.

"నువ్వుండవే. చెప్పరా."

పెద్దోడు గచ్చు వంక చూశాడు. "వెళ్ళేవాణ్ణి కాదు నాన్నా. వాడికి బదులు ఏదో ఒకటి ఇవ్వాలి కదా. నా దగ్గర ఇంకేముంది?"

తల్లి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

'నీ తప్పేం లేదు' అని తండ్రి అనేస్తే పోయేది. అది నకిలీ సరుకని వాడు ఇట్టే పట్టేస్తాడు.

"తప్పు నీదేరా" అన్నాడు తండ్రి. "ఒకవైపే తీశావు. వాడు పోయాడు. నిన్ను చూసినప్పుడల్లా నాకదే కనిపిస్తోంది. ఇంకా కనిపిస్తుంది కూడా. కానీ జరిమానా నేనడగలేదు. దేవుడు అడిగాడంటే నమ్మను. అడుగుతాడో లేదో ఈయన్నే చెప్పమను."

"అడగడు" అన్నారు ఫాదర్ మెల్లగా.

పెద్దోడు తలెత్తాడు. "ఈ మాట ఎప్పుడంటావా అని రోజూ చూశాను నాన్నా. తిట్టడానికి కూడా పనికిరానేమో అనుకున్నాను."

ఫాదర్ లేచారు. "ఒక ఏడాది ఆగుదాం. అప్పటికీ రావాలనిపిస్తే, ఎవరికీ బదులుగా కాదు, నువ్వుగా రా."

"అప్పుడు నేనే తెచ్చి దింపుతాను ఫాదర్. కొట్టు ఊసెత్తను" అన్నాడు తండ్రి. ఇచ్చిన మాట మీద వెనక్కుపోవడం అతనికి అలవాటు లేదు.

మర్నాడు కిటికీ అద్దాలకు ఒకాయన వచ్చాడు. తండ్రి స్టాండుకు ఇటువైపు నిలబడి, "అటు నువ్వు పట్టరా" అన్నాడు పెద్దోడితో. వాడు వచ్చి షీటు అంచు మీద చేతులు వేశాడు. చేతులతోపాటు అద్దం కూడా సన్నగా వణికింది.

వాడి చేతులు కుదుటపడేదాకా తండ్రి ఆగాడు. అవి కుదుటపడలేదు. వచ్చినాయన్ను రేపు రమ్మన్నాడు.